గన్ను ముందా, బాంబు ముందా

పెళ్ళయి నిడుగల్లుకు కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక పూటకు సరిపోవు. చెడ్డవాడు కాదు, కోపమూ లేదు. చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కొని, పెట్టింది తిని "సాలు" అనేవాడు. అంతే. మంగళవాడలో మా పుట్టింట్లో అందరమూ ఒకేసారి మాట్లాడేవాళ్ళం. ఎవరి మాట ఎవరు వింటున్నారో ఎవరికీ పట్టేది కాదు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన నాకు ఇక్కడ చెవుల్లో దూది పెట్టినట్టు ఉండేది. ఆ ఇంట్లో ఉన్నది మేమిద్దరమూ మా అత్తా. మామ మా పెళ్ళికి ముందే పోయాడు. అత్త మాట్లాడేదే కాని ఎక్కువగా గొర్రెలతో.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఎండకు ఎవరూ బయటికి పోలేదు. మా ఆయన అటక మీది నుంచి ఒక పెద్ద బిస్కెట్టు డబ్బా దించి నా ముందు పెట్టి, మూత తీశాడు. పాత పేపరు ముక్కల్లో ఒక్కొక్కటిగా చుట్టిన బొమ్మలు. సీసంతో పోసినవి, బొటనవేలంత ఎత్తు. సైనికులు. తలల మీద బోర్లించిన లాంతరు గ్లాసుల్లాంటి టోపీలు. వాళ్ళతోపాటు చక్రాల మీద కొన్ని ఫిరంగులు, తీగ కాళ్ళ మీద నిలబడే నాలుగు ఎగిరే వాహనాలు. ఆ వాహనాలకు రెక్కలు పొడుగ్గా, తోక సన్నగా ఉండి అచ్చం తూనీగల్లా ఉన్నాయి.

"ఎవురు వీళ్ళు?" అన్నాను.

"మనుషులే. ఇంగా పుట్టలేదు. శానా ఏండ్ల తర్వాత పుడతారు. నచ్చత్రాల్లోకి పోయి ఆడ కొట్లాడుకుంటారు."

అంత పొడుగు మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

ఆ బొమ్మల సంగతి ఆ రోజే కొంచెం కొంచెంగా చెప్పాడు. పెళ్ళికి ముందు కొన్నేళ్ళు ఆయన బెంగళూరులో ఒక ప్రింటింగు ప్రెస్సులో కంపోజిటరు పని చేశాడు. అక్షరాలు ఒక్కొక్కటిగా ఏరి పేర్చే పని. ఆ ప్రెస్సు ఓనరు తమ్ముడు విదేశంలో చదువుకొని వస్తూ ఈ ఆటను తెచ్చుకున్నాడు. బొమ్మలతో ఆడే యుద్ధం. దానికి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం నిండా రూల్సు. ఇంట్లో ఎవరూ తనతో ఆడకపోతే ఆ సారు మధ్యాహ్నం భోజనాల వేళ ప్రెస్సుకు వచ్చి, పేజీలు కట్టే రాతిబల్ల మీద బొమ్మలు పేర్చి, మా ఆయన్ను ఎదుట కూర్చోబెట్టుకునేవాడట. పుస్తకంలో ఇంగ్లీషు చదివి కన్నడంలో చెప్పేవాడు. మా ఆయన విని గుర్తు పెట్టుకునేవాడు. కొత్త మిషన్లు వచ్చి ఆ ప్రెస్సు మూతపడినప్పుడు, ఊరికి వెళ్ళిపోతున్న మా ఆయన చేతిలో సారు ఈ డబ్బా పెట్టి, "ఎవురికైనా నేర్పించి ఆడుకో" అన్నాడట. పుస్తకం మాత్రం ఇవ్వలేదు. ఒక్కటే ఉంది మరి. అందుకని పుస్తకంలో ఉన్నది సారుకు తెలుసు, సారు చెప్పింది మా ఆయనకు తెలుసు, మా ఆయన చెప్పింది నాకు తెలుసు. మా ఇంటికి ఆ ఆట అలా చేరింది.

ఆ వేసవంతా ఆడాం. విత్తనానికి దాచిన వేరుశనగ సంచులు మాకు కొండలు. అటుకుల డబ్బా ఒక కోట. నా కుట్టుమిషను టేపుతో దూరాలు కొలిచేవాళ్ళం. పాచిక వేసి, పడిన అంకెను బట్టి తగిలిందా లేదా అని చూసేవాళ్ళం. మొదట్లో ఆయన ఆడమన్నాడని ఆడాను. నెల తిరగకుండానే నాకు పట్టుకుంది. పొద్దున చేనికి సద్ది కట్టేటప్పుడు కూడా నా మనసులో ఫిరంగి ఎక్కడ నిలబెట్టాలా అనే ఉండేది.

అత్తకు మొదట నచ్చలేదు. "పెండ్లయి ఆర్నెల్లు కాలేదు, ఇద్దురూ నేల మీద బోర్లా పడి బొమ్మలాడుకుంటాండారు. ఎవురన్నా సూస్తే నా మొగం మీద ఉమ్మేస్తారు," అనేది. అనేదే కాని, వేయించిన కాయలు చేటలో పోసుకొని వచ్చి గడప మీద కూర్చొని, వొలుచుకుంటూ చూసేది. "ఇంతకీ ఎవురు గెలుస్తాండారు?" అని అడిగేది. నేను గెలుస్తున్నానంటే లోపల సంతోషపడేది. అది ఆమె మొహంలో కనిపించేది.

రూల్సులో మా ఇద్దరికీ వచ్చిన తగాదాలన్నీ ఆకాశం గురించే. నేల మీద నడిచేవాళ్ళ సంగతి ఆయనకు బాగా గుర్తుంది. ఎగిరేవాటి దగ్గరికి వచ్చేసరికి తడబడేవాడు. కాలి సైనికులు తుపాకీతో పైకి కాల్చవచ్చా? ఆరు పడితేనే తగిలినట్టు, అదీ బాగా దగ్గరికి వస్తేనే అని ఇద్దరమూ ఒప్పుకున్నాం. ఒక్క ఫిరంగి ఒకే వంతులో రెండు వాహనాలను కొట్టవచ్చా? కుదరదు, ఒక్కదాన్నే అనుకున్నాం. అవన్నీ సుళువుగా తెగాయి. తెగనిది ఒకటి ఉండిపోయింది.

బొమ్మల్లో ఆకాశం వైపు గొట్టం ఎత్తిన ఫిరంగులు రెండున్నాయి, చెరొకటి. వాటిని నేను మోరెత్తినవి అనేదాన్ని, ఆయన గన్నులు అనేవాడు. మామూలు ఫిరంగి ఎవరి వంతు వస్తే వాళ్ళ వంతులోనే కాలుస్తుంది. వీటికి మాత్రం ఒక వెసులుబాటు. తన వంతులో కాల్చకుండా "కాపు" అని చెప్పి ఊరుకుంటే, అవతలివాళ్ళ వంతులో వాహనం దగ్గరికి ఎగిరివచ్చినప్పుడు కాల్చవచ్చు. అంతవరకు గొడవ లేదు. అయితే ఆ వాహనం ఒకే ఊపులో వస్తుంది, బాంబు వేస్తుంది, పోతుంది. కాపున్న గన్ను కాల్చేది ఎప్పుడు? బాంబుకు ముందా, తర్వాతా?

"వాహనం ఆగినాకనే కొలుస్తాం. ప్రెస్సులో అట్లనే ఆడినాం," అనేవాడు ఆయన.

"అది బాంబేసినాక కదా ఆగేది. అప్పుటికి నా గన్ను యాడుంటాది?"

"పోయింటాది."

"పోయినాక ఏంది కాల్చేది?"

"పోకుండా మిగిలింటే కాల్చచ్చు."

"అట్లయితే కాపుండి ఏం లాభం? సేన్లో కాపుండేటోడు పంది వచ్చి సెనిక్కాయంతా తిని పొయ్యేదాకా సూస్తా కుచ్చుంటాడా?"

"పంది నడిసి వస్తాది. ఇది ఎగిరి వస్తాది."

"విత్తనాలేసినప్పుడు కాకులు నడిసి వస్తాయా? వాటిని తరమల్లేదా మనం?"

ఆయన నవ్వాడు. నవ్వితే కుడివైపు పన్ను మీద పన్ను ఉందని అప్పుడు చూశాను. "నిజమే గానీ, రూలు రూలే. సారు కనపడితే అడుగుతాలే," అన్నాడు. అప్పటిదాకా పాచిక వేసి, సరి పడితే గన్ను ముందు, బేసి పడితే బాంబు ముందు అని సర్దుకున్నాం. కాని ఏ ఆటలోనూ ఆ తగాదా లేకుండా ఉండేది కాదు. ఇప్పుడు చెబుతున్నాను, ఆ తగాదా కోసమే నేను వాహనాన్ని ఆయన గన్ను మీదికి నడిపేదాన్ని. ఆయనకు మాటలు అక్కడే పుట్టేవి.

తర్వాతి ఏడు పాప పుట్టింది. మంగళవాడలో కాన్పు అయి, మూడో నెలలో పాపను ఎత్తుకొని నిడుగల్లుకు వచ్చాను. పాపకు వాళ్ళ నాయన పోలికే, నుదురు వెడల్పు. నోరు మాత్రం నాది. కడుపు నిండినా అరిచేది, ఆకలైనా అరిచేది, ఊరికే కూడా అరిచేది. మా ఆయన చేనిలో నుంచి మధ్యలో ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఏదో పలుగు మరిచిపోయానని, నీళ్ళు తాగిపోదామని వచ్చి, ఊయల దగ్గర నిలబడి పాపతో మాట్లాడేవాడు. నాతో అన్ని మాటలు చెప్పడానికి ఆయనకు ఏడాది పట్టింది. పాపతో మొదటి రోజు నుంచే.

పాప పాకడం నేర్చాక బొమ్మలతో ఆడటం కష్టమైంది. ఒకసారి మేం టేపుతో కొలుస్తూ ఉంటే వెనకనుంచి వచ్చి ఒక తూనీగను లాక్కొని నోట్లో పెట్టుకుంది. నేను కేక వేసి లాగేలోపల, కొత్తగా వచ్చిన కింది పళ్ళు రెండింటితో రెక్కను కొరికేసింది. సీసం మెత్తన కదా, రెండు గుంటలు పడ్డాయి. మా ఆయన ఆ బొమ్మను తిప్పి తిప్పి చూశాడు.

"ఇదెవురి వంతులో కొట్టినట్టు? నా వంతా, నీ వంతా?" అన్నాడు.

"కాపున్నట్టుంది," అన్నాను. అందరం నవ్వాం. అత్త కూడా. ఆ రోజే డబ్బాకు మూత పెట్టి అటక ఎక్కించేశాం. పాప పెద్దదైనాక దించుదాంలే, దానికీ నేర్పిద్దాం అనుకున్నాం.

ఆ ఏడు వేరుశనగ పూత బాగా వచ్చింది. పూత నుంచి ఊడలు భూమిలోకి దిగి కాయ కట్టే వేళకు వాన లేకపోయింది. ఊడలు గట్టి నేలను తాకి అక్కడే ఎండిపోయాయి. పీకితే చెట్టుకు నాలుగు కాయలు, అవీ తాలువి. పీకిన చెట్ల కట్టె పశువుల మేతకైనా వచ్చిందని సమాధానం చెప్పుకున్నాం. ఎండాకాలం వచ్చేసరికి బావులు అడుగంటి, ఊరంతటికీ బోరింగు పంపు ఒక్కటే దిక్కయింది. పొద్దున బిందెలు వరసలో పెట్టి వస్తే ఎండెక్కాక మన వంతు వచ్చేది. అది కూడా కొడితే కొడితే ఎర్రటి నీళ్ళు. గుడ్డ కట్టి వడగట్టి, కాచి పాపకు తాగించేదాన్ని. ఆ ఎండాకాలం ఊళ్ళో చాలామంది పిల్లలకు వాంతులు, విరేచనాలు అయ్యాయి. కొందరికి తగ్గిపోయింది.

మా పాపకు ఒక సాయంత్రం మొదలైంది. పాలు తాగిన వెంటనే కక్కేసింది. అత్త జీలకర్ర నీళ్ళు పట్టింది. కొంచెం నిమ్మళించినట్టు అనిపించింది. తెల్లవారేసరికి పాప అరవడం మానేసింది. ఆ ఇంట్లో ఆ గొంతు వినపడకపోవడం ఏమిటో మా ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. నడినెత్తి గుంట పడింది.

మొదటి బస్సుకు పావగడ ఆస్పత్రికి పోదామని రోడ్డు మీదికి వచ్చాం. బస్సు ఆ పొద్దు ఆలస్యమైంది. మా ఆయన రోడ్డు మీద అటు కొంతదూరం పరుగెత్తి చూసి వస్తాడు, మళ్ళీ పోతాడు. "వస్తాది, వచ్చేస్తాది," అంటాడు. వచ్చింది. పావగడలో డాక్టరు చూసిన వెంటనే సెలైను పెట్టమన్నాడు. పాప చేతిలో నరం దొరకలేదు. కాలిలో వెతికారు, తలలో వెతికారు. నర్సమ్మ పెదవి కొరుక్కుంటూ వెతికింది. ఆమె కష్టపడలేదని నేను చెప్పలేను. నరం దొరికి సీసాలో నీళ్ళు దిగడం మొదలయ్యాక, నేను ఆ చుక్కలనే చూస్తూ కూర్చున్నాను. మా ఆయన పాప మొహాన్ని చూస్తూ కూర్చున్నాడు. అందుకని మొదట తెలిసింది ఆయనకే. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. పగలు, నలుగురి ముందర, ఆయన నన్ను ఎన్నడూ తాకినవాడు కాదు. ఆ చెయ్యి పడగానే నాకూ తెలిసింది.

మా ఊరి ట్రాక్టరు ఒకటి మండీకి వచ్చి తిరిగి పోతుంటే అందులో ఇంటికి వచ్చాం. చిన్నపిల్లలను కాల్చరు, పూడుస్తారు. మా చేను గట్టు పక్కన పూడ్చారు. ఆడవాళ్ళు రాకూడదన్నారు. నేను గడపలో కూర్చున్నాను.

ఆ తర్వాత జరిగింది నేను ఎవరికీ చెప్పుకోలేదు. పాప పోయిందని నా మనసుకు తెలుసు, ఒంటికి తెలియలేదు. ఆ సాయంత్రానికి పాలు చేపు వచ్చి రవిక తడిసిపోయింది. రాళ్ళు కట్టినట్టు గట్టిపడి జ్వరం వచ్చింది. అత్త నన్ను చూసి మరునాడు బస్సెక్కి పావగడ పోయింది. అక్కడ మార్కెట్లో మల్లెపూలు కొనుక్కొచ్చింది. పాలు ఇంకడానికి మల్లెపూలు గుండెకు కట్టాలి, పాతకాలం వైద్యం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవరో, "ఇన్ని పూలు, ఇంట్లో ఏం కార్యం?" అని అడిగారట. ఆ మాట నాతో చెబుతూ చెబుతూ, పూలు గుడ్డలో పరుస్తూ పరుస్తూ, అత్త నా గుండెల మీద తల ఆనించి ఏడ్చింది. ఆ తర్వాత నేను మల్లెపూలు పెట్టుకోలేదు.

మా ఆయన మళ్ళీ మొదట్లోలాగే అయిపోయాడు. కాదు, మొదట్లో "సాలు" అని అయినా అనేవాడు. ఇప్పుడు కంచం పక్కకు జరిపి లేచిపోయేవాడు. చేనిలో పని లేని రోజుల్లోనూ చేనికే పోయేవాడు. నేను మాట్లాడించబోతే నా వైపు చూసేవాడు, చూపు నన్ను దాటి ఎక్కడో ఆగేది. నాకు కోపం వచ్చేది. పోయింది ఆయనకొక్కడికేనా అని అరవాలనిపించేది. అరిచే ఓపిక లేదు. శ్రావణం వచ్చేదాకా ఆ ఇంట్లో ముగ్గురమూ మూడు మూలల్లో బతికాం.

శ్రావణ శనివారాల్లో పావగడ శనీశ్వరుని గుడికి బెంగళూరు నుంచి కూడా జనం వస్తారు. అలా ఒక శనివారం మా ఇంటి ముందు అద్దె కారు ఆగింది. కళ్ళజోడు పెట్టుకున్న పొడుగాటి మనిషి దిగి, మా ఆయన పేరు చెప్పి అడిగాడు. ప్రెస్సు ఓనరు తమ్ముడు. తల్లిని దర్శనానికి తెచ్చి, ఆమెను సత్రంలో పడుకోబెట్టి, మా ఊరు వెతుక్కుంటూ వచ్చాడు. కాఫీపొడి ప్యాకెట్టు, మిఠాయి పొట్లం తెచ్చాడు. మా ఆయన చేను నుంచి వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"కూచోవయ్యా, ఇది ప్రెస్సు కాదు," అన్నాడు సారు కన్నడంలో, నవ్వుతూ. అటూ ఇటూ చూసి, "బొమ్మలున్నాయా, ఎవురికైనా ఇచ్చేసినావా?" అని అడిగాడు.

ఎవరూ పలకకపోతే బాగుండదని నేనే చెప్పాను. "ఉండాయి సార్. మేమిద్దురమూ ఆడేవాళ్ళం."

"నువ్వా? నువ్వు ఆడతావా?" ఆయన మొహం వెలిగిపోయింది. పాపం, ఆయనకు కూడా ఇన్నేళ్ళూ జోడు దొరకలేదేమో. "తియ్యి, తియ్యి, ఒక్క ఆట ఆడదాం. అమ్మ లేచేదాకా టైముంది."

మా ఆయన అటక ఎక్కి డబ్బా దించాడు. సారు నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చొని, ఒక్కొక్క బొమ్మను పేపరులో నుంచి తీస్తూ చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. "మీ ఇద్దురికీ రూల్సులో ఏమన్నా తగాదాలుండాయా? నన్నడగండి, పుస్తకమంతా నోటికొస్తాది."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. ఇక నేనే అడిగాను. "కాపున్న గన్ను సార్. ఎగిరేది వచ్చినప్పుడు గన్ను ముందు కాల్చల్లా, బాంబు ముందు పడల్లా?"

"భలే అడిగినావు! ఇట్ల సూడు..." అంటూ ఆయన ఒక తూనీగను చేతిలోకి తీసుకొని, దాన్ని గాలిలో మెల్లగా నడిపిస్తూ గన్ను వైపు తెచ్చాడు. మధ్యలో ఆగాడు. రెక్కను వెలుతురుకు పెట్టి చూశాడు. "అయ్యో, రెక్క పోయిందే. ఎలుక కొరికిందా?"

లోపల వంటింట్లో అత్త చేతిలోని గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఎలక కాదు సార్," అన్నాడు మా ఆయన. "పాప."

"ఓహో, పాపుందా మీకు! యాడుంది, పిలవండి..." అని ఆయన తల తిప్పి చూశాడు. నా మొహం చూశాడు. గుమ్మంలోకి వచ్చి కొంగు నోట్లో కుక్కుకున్న అత్తను చూశాడు. తల మళ్ళీ ఇటు తిప్పలేకపోయాడు. ఆ బొమ్మ ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియలేదు.

మా ఆయనే మాట్లాడాడు.

"సెప్పండి సార్. గన్ను ముందా, బాంబు ముందా?"

"ఇప్పుడెందుకులేప్పా అదంతా..."

"లేదు సార్, సెప్పండి. శానా దినాల్నుంచి మాకు తెగలేదు."

ఆయన చెప్పాడు. ఆ బొమ్మనే నడిపిస్తూ చెప్పాడు. గన్ను అందేంత దూరంలోకి వాహనం అడుగుపెట్టిన చోటనే ఆపాలట. ఆగేదాకా చూడనక్కర లేదు. అక్కడే కొలిచి, అక్కడే పాచిక వెయ్యాలి. తగిలితే వాహనం కూలిపోతుంది, బాంబు పడదు. తగలకపోతే అది ముందుకు పోయి బాంబు వేస్తుంది. ఒక్కసారి కాల్చిన గన్ను ఇక ఆ వంతులో కాల్చకూడదు, ఇంకో వాహనం వచ్చినా సరే. "ప్రెస్సులో మనం తప్పు ఆడినాం. నేనే ఆ పేజీ సరిగ్గా సదవలేదు. తర్వాత సూసుకున్నాను," అన్నాడు. మేమిద్దరమూ బడిపిల్లల్లా తలలూపుతూ విన్నాం. ఒక్క ముక్క కూడా వదలకుండా విన్నాం. ఆ రూలు మాకు ఇంకెందుకూ పనికిరాదని ముగ్గురికీ తెలుసు. అయినా ఆయన చెప్పడం ఆపలేదు, మేం వినడం ఆపలేదు.

పోయేటప్పుడు సారు అత్త కాళ్ళకు దండం పెట్టాడు. వయసులో పెద్దదని కాబోలు. మా ఆయన భుజం పట్టుకొని, "బెంగళూరులో అన్న మళ్ళీ ప్రెస్సు పెట్టినాడు. రావాలనిపిస్తే రా," అని చెప్పి కారెక్కాడు.

కారు మలుపు తిరిగాక మేం లోపలికి వచ్చాం. బొమ్మలు నేల మీద అలాగే ఉన్నాయి. నేను వంగి ఒక్కొక్కటి పేపరులో చుడుతున్నాను. మా ఆయన గోడకు ఆనుకొని నిలబడి, "నువ్వు సెప్పిందే రైటంట," అన్నాడు.

నేను ఇంకో బొమ్మను చేతిలోకి తీసుకున్నాను.

"ఆ పొద్దు బస్సు కోసరం కాసుకోకుండా ఎత్తుకొని పరిగెత్తింటే," అన్నాడు. "యాదన్నా లారీ దొరికుండు. అడ్డదోవన పోయింటే..."

"అంత దూరం ఎత్తుకొని ఎట్ల పోతావు ఎండలో?"

"పోయేవాన్ని. పొయ్యుండల్ల. వస్తాది వస్తాది అని సూస్తా నిలబడినాను."

అప్పుడు తెలిసింది నాకు, ఇన్ని నెలలూ ఆయన ఆ రోడ్డు మీదనే నిలబడి ఉన్నాడని. నా మనసులో ఉన్నది వేరే. ఆ సాయంత్రం మొదటి వాంతికే బయలుదేరి ఉండాల్సింది అని. అత్త మనసులో ఉన్నది జీలకర్ర నీళ్ళు. ముగ్గురమూ మూడు చోట్ల నిలబడి ఉన్నాం. నేను ఆయన దగ్గరికి పోయి పక్కన కూలబడ్డాను. ఆయనా కూర్చున్నాడు. పాప పోయాక ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను. మగవాడు అలా ఏడుస్తాడని నాకు తెలియదు, ఊపిరి అందక దగ్గు వచ్చేటట్టు. అత్త వచ్చి కొడుకు వీపు రాస్తూ, "ఏడుసు నాయనా, ఏడుసు," అంటూ కూర్చుంది. ఆ తర్వాత మేం మాట్లాడుకున్నాం. పాప గురించే. దాని అరుపు గురించి, నుదురు గురించి, ఎవరికి ఏది గుర్తుంటే అది.

దాంతో దుఃఖం తీరిందని చెప్పను. అన్నం తినగలిగాం, అంతే. ఆ ఏడూ వానలు ముఖం చాటేశాయి. విత్తనం వేసి తొందరపడ్డామా అనుకున్నాం, తర్వాతి ఏడు వెయ్యకుండా తప్పు చేశామా అనుకున్నాం. ఊళ్ళో చాలామంది బతకడానికి బయటికి పోతున్నారు. మేమూ బయలుదేరాం. గొర్రెలను వదిలి రానని అత్త ఉండిపోయింది. బొమ్మల డబ్బా కూడా ఆ అటక మీదే ఉండిపోయింది. దాన్ని తెమ్మని నేను అడగలేదు, తెస్తానని ఆయన అనలేదు.

మాకు మళ్ళీ పిల్లలు కాలేదు. మొక్కులు మొక్కాం, డాక్టర్లకు చూపించుకున్నాం. కాలేదు.

బెంగళూరుకు పోయిన కొత్తలో సారు వాళ్ళ ప్రెస్సుకు దగ్గరలో ఒక ఇంటి వాకిట్లో చిన్న గది చూసుకున్నాం. ఇంటావిడ కలుపుగోలు మనిషి. గది చూపిస్తూనే ఎంతమంది ఉంటారు, నీళ్ళు ఎన్ని బిందెలు కావాలి అని అడుగుతోంది.

"పిల్లలెంతమంది?" అంది.

నేను ఏం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. మా ఆయన, తడబడకుండా, "ఒక పాప," అన్నాడు.

"యాడుంది మరి?"

"ఊర్లో. వాళ్ళవ్వ దగ్గరుంది."

నేను ఆయన మొహం చూశాను. అబద్ధం చెప్పేవాడి మొహం కాదది. నేనూ దిద్దలేదు. తర్వాత కూడా ఎన్నడూ దిద్దలేదు.

మేం మొదటిసారి ఊరికి బయలుదేరిన రోజు ఇంటావిడ చిన్న పొట్లం తెచ్చి, "పాపకు నేనిచ్చినానని సెప్పండి," అంటూ నా చేతిలో పెట్టబోయింది. ఎర్ర గాజులు, పసిపిల్లల చేతులకు పట్టేవి. నా చెయ్యి ముందుకు రాలేదు. మా ఆయన రెండు చేతులూ పట్టి తీసుకొని, "సెప్తాలేమ్మా," అని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దారి పొడుగునా జేబు మీద చెయ్యి తియ్యలేదు. నిడుగల్లులో బస్సు దిగాక సంచి నాకిచ్చి, "నువ్వు ఇంటికి పోతాండు, నేనొస్తా," అన్నాడు. ఇంటి వైపు కాకుండా చేను వైపు నడిచాడు. గడపలో నిలబడిన అత్త నన్ను ఒంటరిగా చూసి, "వాడేడీ?" అంది. చేను వైపు చూపించాను. ఆమె లోపలికి పోయి ముగ్గురికీ ఎసరు పెట్టింది.